ధర్మవిచారానికి ముందు ఏ చదువు?

పదో తరగతి ఫలితాలు వచ్చాక, లా చదవాలన్న కోరిక ఉన్న పిల్లల ఇళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది: ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలి? ఇంజినీరింగ్‌కు ఎంపీసీ, డాక్టరీకి బైపీసీ అని ఠక్కున చెప్పేవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి తడబడతారు. సీఈసీ అని ఒకరంటారు, హెచ్ఈసీ అని ఇంకొకరంటారు, ఎందుకైనా మంచిది ఎంపీసీలో చేరమని మేనమామ అంటాడు. నిబంధనలు మాత్రం వీళ్లలో ఎవరి పక్షమూ వహించవు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల ప్రకారం అయిదేళ్ల లా కోర్సులో చేరడానికి ఇంటర్ లేదా దానికి సమానమైన పరీక్ష పాసై ఉంటే చాలు. జనరల్ విభాగంవారికి 45 శాతం మార్కులుండాలి. ఏ సబ్జెక్టుల్లో పాసవ్వాలన్న ఊసే లేదు. బెంగుళూరు నేషనల్ లా స్కూల్‌కూ హైదరాబాదు నల్సార్‌కూ దారితీసే క్లాట్ పరీక్ష సైతం అంతే. 120 ప్రశ్నలకు రెండు గంటలు. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, కాస్త లెక్కలు. న్యాయ తర్కం విభాగంలో కావలసిన సూత్రాన్ని ప్రశ్నపత్రమే ఇస్తుంది, ముందుగా చట్టం తెలిసి ఉండాల్సిన పని లేదు.

ఈ మౌనాన్ని చాలామంది నిర్లక్ష్యంగా లెక్కకడతారు. ఏదో ఒకటి చదివి రండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నట్టుందని విసుక్కుంటారు. నాకు అలా కనిపించదు. పరుల హక్కుల మీద మాట్లాడే విద్యకు ముందు ఏ విద్య ఉండాలి అన్నది తత్త్వశాస్త్రపు ప్రశ్న, ఈ దేశంలో చాలా పాతది కూడా. బార్ కౌన్సిల్ తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ మౌనం ఆ పాత వాదంలో ఒక పక్షం వహించింది. ఆ పక్షం సరైనదేనని నా అభిప్రాయం. అయితే అది మనం అనుకునే కారణంతో సరైనది కాదు, మనం అనుకున్నంత తేలికైనదీ కాదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదలయ్యేదే ఈ తగాదాతో. రాజ్యం నడపాల్సినవాడు, శిక్ష వేయాల్సినవాడు ఎన్ని విద్యలు నేర్వాలి? మానవులనే సంప్రదాయంవాళ్లు మూడన్నారు: వేదాలు, వార్త, దండనీతి. వార్తంటే వ్యవసాయం, పశుపాలన, వర్తకం. తర్కవిద్య వేదాల్లోనే ఒక భాగం కాబట్టి దాన్ని విడిగా చెప్పనక్కర్లేదన్నారు. బార్హస్పత్యులు రెండే చాలన్నారు, వార్త, దండనీతి. లోకవ్యవహారం తెలిసినవాడికి వేదాలు పైకి కప్పుకునే ముసుగు మాత్రమేనని వాళ్ల తెగింపు. ఔశనసులు ఇంకా ముందుకెళ్లి దండనీతి ఒక్కటే విద్య, మిగతావన్నీ దాంట్లోనే ముడిపడి ఉన్నాయన్నారు. కౌటిల్యుడు ఈ ముగ్గురినీ కాదని నాలుగు విద్యలని తేల్చి, అందులో ఆన్వీక్షికిని, అంటే హేతువులతో పరీక్షించే విద్యను, మొదట నిలబెట్టాడు. సాంఖ్యం, యోగం, లోకాయతం మూడింటినీ ఆన్వీక్షికి కిందికే తెచ్చాడు. దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని లోకాయతాన్ని కూడా రాజు చదవాల్సినవాటిలో చేర్చడం చిన్న విషయం కాదు. ఆయన కారణం స్పష్టం: వేదంలో ఏది ధర్మం ఏది అధర్మం, వార్తలో ఏది లాభం ఏది నష్టం, దండనీతిలో ఏది తగినది ఏది తగనిది అని బలాబలాలు తూచగలిగేది ఈ విద్యే. ఇవాళ లా ఆశించే పిల్లవాడికి సివిక్స్ ఉన్న గ్రూపొక్కటే దారి అని చెప్పేవాళ్లు తమకు తెలియకుండానే ఔశనసుల వంశంలో చేరుతున్నారు. తర్కం ఏ గ్రూపులోనైనా దానంతటదే వచ్చేస్తుందిలే అనేవాళ్లు మానవుల వారసులు. కౌటిల్యుడి జవాబు ఇద్దరికీ వర్తిస్తుంది.

రెండో వాదం ఇంతకంటే సూక్ష్మం. బ్రహ్మవిచారానికి ముందు ఏం పూర్తిచేసి ఉండాలి అన్న దగ్గర శంకరులూ రామానుజులూ విడిపోతారు. రామానుజుల లెక్కలో జైమిని చేసిన కర్మవిచారం, బాదరాయణుడి బ్రహ్మవిచారం ఒకే శాస్త్రానికి ముందు భాగం, వెనుక భాగం. మొదటిది చదవనివాడు రెండో దానిలో అడుగు పెట్టడం వరస తప్పడమే. శంకరులు ఒప్పుకోలేదు. వేదాధ్యయనం రెండు విచారాలకూ సమానమే, కానీ ధర్మవిచారం చేయనివాడు కూడా బ్రహ్మవిచారానికి అర్హుడేనన్నారు. రెండింటి విషయం వేరు, ఫలం వేరు. ముందుగా ఉండాల్సింది ఒక సబ్జెక్టు కాదు, నాలుగు యోగ్యతలు: నిలిచేదీ నిలవనిదీ వేరుచేసి చూడగలగడం, ఫలభోగాల మీద విరక్తి, మనసునూ ఇంద్రియాలనూ అదుపులో ఉంచుకునే శమదమాదులు, విడుదల కావాలన్న గట్టి కోరిక. శంకరులు తలుపు వెడల్పు చేశారని పైకి అనిపిస్తుంది. నిజానికి గడప ఎత్తు పెంచారు. ఒక గ్రంథం చదివి పరీక్ష రాయడం ఎవరికైనా సాధ్యమే, ఆ నాలుగూ సంపాదించడం అలా కాదు.

మోక్షవిచారం కోసం చెప్పినదాన్ని లా కాలేజీ ప్రవేశానికి అతికించడం అతి అనిపించవచ్చు. ముముక్షుత్వానికీ వకాల్తాకూ సంబంధం లేదన్నది నిజమే. నేను తీసుకుంటున్నది ఆ వాదపు అస్థిపంజరాన్ని మాత్రమే. ఒక విద్యకు పూర్వరంగం మరో విద్య అనాలంటే ఆ రెండింటికీ విషయం ఒకటై ఉండాలి, లేదా ఒకటి లేకుండా రెండోది అర్థం కాకుండా పోవాలి. వైద్యానికి జీవశాస్త్రం అలాంటిది. శరీరమన్న విషయం రెండింటిదీ ఒకటే. చట్టానికి అలాంటి సొంత విషయం ఉందా? లేదనే నా వాదన. పొలం గట్టు తగాదా వచ్చినరోజు చట్టం సర్వే లెక్కల గురించి మాట్లాడాలి. మందు పేటెంటు వచ్చినరోజు అణువుల గురించి, విడాకుల కేసులో మనుషుల మధ్య నమ్మకం గురించి, ఆలయ వివాదంలో ఆగమాల గురించి మాట్లాడాలి. ప్రతిసారీ అది పరాయి వస్తువునే పట్టుకుని తన ప్రశ్న అడుగుతుంది: ఇది జరిగిందని నీకెలా తెలుసు, జరిగితే ఎవరికేం రావాలి? అందుకని దీనికి ముందు ఈ సబ్జెక్టే ఉండాలనడానికి ఆధారం దొరకదు. ఏ సబ్జెక్టూ పనికిరాకుండా పోదు కూడా.

నాలుగు కేసులు చూస్తే ఇది మాటవరసకు అన్నది కాదని తెలుస్తుంది. మొదటిది ఇంగ్లండుది. 1999లో శాలీ క్లార్క్ అనే సొలిసిటర్, తన ఇద్దరు పసిబిడ్డలను చంపిందన్న అభియోగం మీద జైలుకు పోయింది. ఆమె లాంటి కుటుంబంలో ఒక శిశువు కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటని, ఇద్దరూ అలా పోయే అవకాశం దాన్ని దానితోనే గుణిస్తే 7.3 కోట్లలో ఒకటని ఒక ప్రసిద్ధ శిశువైద్యుడు సాక్ష్యమిచ్చాడు. రెండు సంఘటనలకూ సంబంధం లేనప్పుడే అలా గుణించాలని, ఒకే ఇంట్లో ఒకే తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డల విషయంలో అది ఊహ మాత్రమేనని ఎంపీసీ రెండో ఏడాది చదివే పిల్లలకు తెలుసు. సంభావ్యత అధ్యాయంలో స్వతంత్ర ఘటనలంటే అదే. అరుదైన సంఘటన జరిగే అవకాశమూ, ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశమూ ఒకటి కావన్నది దానికి తర్వాతి మెట్టు. ఆ గదిలో లాయర్లు, జడ్జి, జ్యూరీ అందరూ ఉన్నారు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్క తప్పని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఆమె 2003లో బయటపడింది. అప్పీలు ప్రధానంగా గెలిచింది దాచిపెట్టిన ఒక ప్రయోగశాల నివేదిక మీద అయినా, లెక్క తప్పు కూడా అందరికీ అర్థమైంది.

రెండోది మన సుప్రీంకోర్టుది. 2013లో నోవార్టిస్ కేసులో ఒక క్యాన్సరు మందు తాలూకు కొత్త స్ఫటిక రూపానికి పేటెంటు ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. పేటెంట్ల చట్టం 3(డి) సెక్షన్ తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెచ్చి పేటెంటు అడిగితే, దాని సామర్థ్యం నిజంగా పెరిగిందని చూపించమంటుంది. మందు విషయంలో సామర్థ్యమంటే రోగం నయం చేసే శక్తే, మరేదో భౌతిక గుణం మెరుగైతే చాలదని కోర్టు తేల్చింది. ఇందులో రసాయనశాస్త్రం ఎంతో, ఒక వాక్యాన్ని దాని సందర్భంలో పెట్టి చదవడం అంతే. మూడోది 2019 నవంబరు 9న వచ్చిన అయోధ్య తీర్పు. పురావస్తు శాఖ తవ్వకాల నివేదిక ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది అయిదుగురు న్యాయమూర్తులు విడదీయాల్సి వచ్చింది. భూమి కింద పాత కట్టడం ఉందనడం వేరు, దాన్ని కూల్చి పైది కట్టారనడం వేరు, స్థలం ఎవరిదనడం ఇంకా వేరు. పురావస్తు ఆధారాల మీదనే హక్కు నిర్ణయించలేమని కోర్టు స్పష్టంగా చెప్పింది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక్కో ఆధారం ఎంతవరకు చేయి చాచగలదో చూసే ఆ పని చరిత్ర విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

నాలుగోది మన ఊరిదే. హైదరాబాదు తాగునీటి చెరువులు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరిధిలో ఒక ఆముదపు ఉత్పత్తుల కర్మాగారం పెట్టవచ్చా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో ఏపీ కాలుష్య నియంత్రణ మండలి కేసులో తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు, హాని జరగదని తేల్చే భారం పరిశ్రమ పెట్టేవాడి మీదే ఉండాలన్నారు. విజ్ఞానశాస్త్రంలోనే అనిశ్చితి ఉందని, ఇలాంటి అప్పీళ్లు వినే చోట న్యాయం తెలిసినవాళ్లతో పాటు ఆ శాస్త్రం తెలిసినవాళ్లూ కూర్చోవాలని ఆ తీర్పులో ఉంది. తర్వాత లా కమిషన్ అధ్యక్షుడిగా ఆయనే 2003లో పర్యావరణ న్యాయస్థానాలు పెట్టాలని 186వ నివేదిక ఇచ్చారు. 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నిపుణ సభ్యులు న్యాయ సభ్యుల పక్కనే కూర్చుంటున్నారు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. సందేహం వచ్చినప్పుడు ధర్మం తేల్చే పరిషత్తులో పదిమంది ఉండాలంటూ మనుస్మృతి ఇచ్చిన జాబితాలో వేదాలు తెలిసినవాళ్లు ముగ్గురు, ధర్మశాస్త్రం చదివినవాడు ఒక్కడు. పక్కన హేతువాది, తార్కికుడు, పదాల అర్థం విడమరచే నైరుక్తుడు, మూడు ఆశ్రమాలవాళ్లు. నారదుడు చెప్పిన న్యాయసభ అంగాల్లో లెక్కలవాడూ రాతగాడూ ఉన్నారు. పదిమందిలో ధర్మపాఠకుడు ఒక్కడేనన్న లెక్క ఔశనసుల పక్షానికి గట్టి దెబ్బే.

సరే, అన్ని సబ్జెక్టులూ పనికివస్తాయి కాబట్టి ఏదైనా తీసుకోవచ్చా అంటే, ఇక్కడే శంకరుల ఎత్తు గడప గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన నాలుగు కేసుల్లో పనికొచ్చింది సబ్జెక్టులోని సమాచారం కాదు. ఒక ఆధారం ఏమేరకు మోయగలదో తెలిసిన బుద్ధి. న్యాయదర్శనం ప్రమాణాలను నాలుగుగా విడదీసింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. హేతువులా కనిపించి హేతువు కానివాటిని వేరే పట్టికగా రాసుకుంది. ఇద్దరు కూర్చుని చేసే చర్చను కూడా, నిజం తెలుసుకోవడానికి చేసే వాదమని, గెలవడానికి చేసే జల్పమని, ఎదుటివాడిది పడగొట్టడం తప్ప తనదంటూ ఏదీ నిలబెట్టని వితండమని మూడుగా చూసింది. ఈ మూడింటి తేడా తెలియకుండా లాయరైనవాడు కేసులు గెలవవచ్చు, న్యాయమూర్తి కుర్చీలో కూర్చుంటే మాత్రం ప్రమాదం. కాబట్టి ఇంటర్లో గ్రూపు ఎంచుకునే పిల్లలు వేసుకోవాల్సిన ప్రశ్న లా కాలేజీకి ఏది దగ్గర అన్నది కాదు. ఏ సబ్జెక్టులో అయితే ‘ఇది నిజమని ఎలా చెప్పగలం’ అన్న ప్రశ్న తనకు విసుగు పుట్టించదో, జవాబు దొరికేదాకా కూర్చోబెడుతుందో, అది. ఒకరికి అది జ్యామితి నిరూపణ కావచ్చు, ఒకరికి కాకతీయుల శాసనం, ఒకరికి బ్యాలెన్స్ షీటు. జైమిని మీమాంస ఆరో అధ్యాయం అధికారి, అంటే అర్హుడు, ఎవరని అడిగినప్పుడు కూడా మొదట చూసేది ఫలం కోరుతున్నాడా, చేయగలడా అన్న రెంటినే.

ఇంతవరకు గ్రూపుల మధ్య నేను తేడా చూపించలేదు. ఒక్కచోట మాత్రం చూపిస్తాను, అది గ్రూపు కాదు, భాష. శంకరులు ధర్మవిచారం అక్కర్లేదన్నారు గానీ వేదాధ్యయనం అక్కర్లేదనలేదు. చదవడం రావాలి అన్నది రెండు విచారాలకూ సమానమైన పునాది. చట్టానికి ఆ పునాది వాక్యం. వాక్యార్థాన్ని తేల్చడానికి జైమిని చెప్పిన శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరింటిలో ముందున్నది వెనకున్నదానికంటే బలమైనదన్న నియమాన్ని కిశోరీలాల్ సర్కార్ 1905 నాటి టాగోర్ న్యాయోపన్యాసాల్లో హిందూ న్యాయానికి అన్వయించి చూపారు. జస్టిస్ మార్కండేయ కట్జూ అలహాబాద్ హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ రాసిన తీర్పుల్లో ఆ సూత్రాలను వాడారు. మన భాషలో దీనికి అంతకంటే పాత సాక్ష్యం ఉంది. పదమూడో శతాబ్దంలో ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన మితాక్షరను విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చిన మూలఘటిక కేతన, తెలుగుకు తొలినాళ్లలో వ్యాకరణం రాసినవాడు, దశకుమార చరిత్ర కథలు పద్యంలో చెప్పినవాడు. వ్యాకరణం, కథ, చట్టం ఒక్క చేతి నుంచి రావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. కథ చెప్పేవాడికి మనుషులు ఎందుకు అబద్ధమాడతారో తెలుస్తుంది, వ్యాకరణం తెలిసినవాడికి ఆ అబద్ధం ఏ విభక్తిలో దాగుతుందో తెలుస్తుంది.

మరి ఇంటర్లో జరుగుతున్నదేమిటి? సెకండ్ లాంగ్వేజిగా సంస్కృతం తీసుకోమంటారు, సంస్కృతం మీద ప్రేమతో కాదు, మార్కులు రాలుతాయని. రెండేళ్లయ్యాక ఆ పిల్లలకు సంస్కృతమూ రాదు, తెలుగులో ఒక పేజీ వ్యాసమూ రాదు. ఈ పిల్లలే రేపు జిల్లా కోర్టులో నిలబడతారు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టులో, సుప్రీంకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులో సాగుతుంది, కానీ కేసు పుట్టేది తెలుగులో. పంచనామా తెలుగు, సాక్షి మాట తెలుగు, మరణ వాంగ్మూలం తెలుగు. మన క్రియాపదంలో గౌరవ బహువచనమూ అసలు బహువచనమూ ఒకేలా ఉంటాయి. కొట్టారు అంటే కొట్టింది ఒక పెద్దమనిషా, నలుగురా అన్నది మాట్లాడినవాళ్ల ఊరు, వరస, అలవాటు తెలిస్తేనే తేలుతుంది. అది తేలకుండా ఇంగ్లీషులోకి పోతే ఒక ముద్దాయి నలుగురవుతాడు, నలుగురు ఒకడవుతారు. ఇంత బరువున్న భాషను స్కోరింగ్ లెక్కల్లో వదిలేసుకోవడం కంటే తప్పు గ్రూపు తీసుకోవడం చాలా చిన్న పొరపాటు.

ఈ వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. అన్నింటికంటే సహజమైనది: అయిదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర ఉంటాయి కదా, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు అవి ముందే తెలిసి ఉంటాయి కదా. రాష్ట్రస్థాయి ప్రవేశ పరీక్ష లాసెట్‌లోనూ 120 ప్రశ్నల్లో సగం న్యాయవిద్య పట్ల అభిరుచిని చూసేవే, రాజ్యాంగం చదివినవాళ్లకు అక్కడ సౌకర్యమే కదా. నిజమే. ఆ సౌకర్యం మొదటి ఏడాదిది. లా కాలేజీ అదే అధ్యాయాన్ని మళ్లీ మొదటినుంచి చెబుతుంది, పైగా బీఎస్సీ ఎల్ఎల్‌బీ, బీకాం ఎల్ఎల్‌బీ, బీబీఏ ఎల్ఎల్‌బీ కూడా ఉన్నాయి. అంటే లా బడి తనకు ముందే కాదు, తన లోపల కూడా ఏ ఒక్క విద్యకూ గుత్తాధిపత్యం ఇవ్వలేదు. సబ్జెక్టు నిజంగా అడ్డుపడే చోటు ఒకటుంది, దాన్ని దాచకూడదు. పేటెంటు ఏజెంటుగా నమోదు కావాలంటే పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ సైన్సు, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ అడుగుతుంది. ఆ వైపు మనసున్నవాళ్లు సీఈసీ తీసుకుంటే తర్వాత వెనక్కు రావడం కష్టం. మిగతా న్యాయవృత్తిలో ఇలాంటి గోడ నాకు కనిపించదు.

రెండో అభ్యంతరం మేనమామది. పదిహేనేళ్ల పిల్లలకు రేపు మనసు మారొచ్చు, ఎంపీసీ అయితే అన్ని దారులూ తెరిచే ఉంటాయి. ఇందులో వివేకం ఉంది, ఎంపీసీ చదివినవాళ్లు మంచి లాయర్లు కాలేరని నేను అనడం లేదు, శాలీ క్లార్క్ కేసు దానికి ఎదురు సాక్ష్యమే. ఇబ్బంది ఎంపీసీతో కాదు, మన కార్పొరేట్ కాలేజీలు దాన్ని నేర్పే పద్ధతితో. నిరూపణ వదిలేసి షార్ట్‌కట్ పట్టుకో, నిమిషంలో నాలుగింటిలో ఒకటి దిద్దు అని రెండేళ్లు తోమితే, గణితంలో చట్టానికి పనికివచ్చే ముక్క, అంటే ఒక మెట్టు మీద నిలిచి తర్వాతి మెట్టు ఎందుకు వస్తుందో చూడటం, అదే పోతుంది. క్లాట్ కూడా నాలుగింటిలో ఒకటి దిద్దే పరీక్షే కదా అంటే, అవును, అది ప్రవేశ పరీక్ష, ప్రవేశం తర్వాత నలభై ఏళ్లు మిగిలి ఉంటాయి. అన్ని దారులూ తెరిచి ఉంచుకోవడానికి తీసుకున్న సబ్జెక్టు మీద పిల్లలకు ఇష్టం లేకపోతే, ఆ తెరిచిన దారుల్లో దేనిలోనూ వాళ్లు నిబ్బరంగా నడవలేరు.

మూడో అభ్యంతరం అన్నింటిలోకీ బరువైనది. ఎవరు చదవాలి అన్న ప్రశ్నకు ఈ మనువు, ఈ శంకరులు ఇచ్చిన జవాబు మనకు తెలియనిదా? శూద్రుడికి ధర్మం చెప్పకూడదన్నది ఆ స్మృతే. బ్రహ్మవిచారంలో శూద్రుడికి అధికారం లేదని తేల్చింది ఆ భాష్యమే. యోగ్యతల గురించి వాళ్లు రాసిన ప్రతి మంచి మాట వెనుక ఒక తలుపు మూసే ఉంది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో మనుస్మృతిని కాల్చినవాళ్లకు ఆ తలుపు ఏమిటో తెలుసు. నేను ఈ వాస్తవాన్ని మెత్తబరచను. కానీ ఒక వాదపు హేతువు వేరు, వాదించినవాడు గీసిన కంచె వేరు. హేతువులో బలం ఉంటే అది కంచెను కూడా ప్రశ్నిస్తుంది. మీమాంస లోపలే బాదరి అనే ఆచార్యుడు అందరికీ అధికారం ఉందన్నాడు. జైమిని ఆయన్ని కాదన్నాడు, ఆ పక్షం ఓడింది, కానీ సూత్రాల్లో నమోదై మిగిలింది. అంబేడ్కర్ విద్యా చరిత్ర చూడండి. ఎల్ఫిన్‌స్టన్‌లో ఆయన చదివింది అర్థశాస్త్రం, రాజనీతి. కొలంబియాలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సాధించిన డాక్టరేట్లు అర్థశాస్త్రానివి, 1923లో అచ్చయిన పుస్తకం రూపాయి సమస్య మీద. బారిస్టరు చదువు దాని పక్కన సాగింది. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడైన మనిషి డబ్బు విలువ ఎందుకు పడుతుంది అన్న ప్రశ్నను ఆధారాలతో ఛేదించడం ముందు నేర్చుకున్నాడు. ఆన్వీక్షికికి ఆయన కంటే మంచి ఉదాహరణ ఈ దేశంలో నాకు దొరకలేదు, ఆ విద్య తనకు దక్కకూడదన్న గ్రంథాలనే ఆయన దానితో పరీక్షించాడు.

కాబట్టి లా చదవాలనుకునే పిల్లలకు నేను చెప్పగలిగేది ఇదీ. పేటెంట్ల వైపు చూపున్నవాళ్లు సైన్సు గ్రూపు వదలొద్దు. మిగతావాళ్లు తాము కారణాలు అడగకుండా ఉండలేని సబ్జెక్టున్న గ్రూపులో చేరండి, అది ఏదైనా సరే. సెకండ్ లాంగ్వేజిగా తెలుగు తీసుకోండి, మార్కులు పదో ఇరవయ్యో తగ్గినా. ఇంగ్లీషును పరీక్షకు కాక చదవడానికి నేర్చుకోండి. ఇంటర్ బోర్డు పెద్దలకు ఒక విజ్ఞప్తి: ఆంధ్రప్రదేశ్ బోర్డు పరీక్షల టైంటేబుళ్లలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పక్కన లాజిక్ అనే పేపరు కనబడుతూ వచ్చింది. దాన్ని కాగితం మీది నుంచి క్లాసులోకి దించండి, ఎంపీసీ పిల్లలకూ హెచ్ఈసీ పిల్లలకూ ఒకేలా అందుబాటులో ఉంచండి. చెప్పడానికి మాస్టర్లు లేరంటే, ముందు వాళ్లను వేయండి.